అమ్మమ్మ తెచ్చిన నల్ల పెట్టె

మా నాన్న లిఫ్టులు బాగుచేసేవాడు. ఊళ్ళో పాత మేడల్లో ఏ లిఫ్టు మొరాయించినా ముందు ఆయనకే ఫోను వచ్చేది.

లిఫ్టు అడుగున ఒక గుంత ఉంటుంది. జనం చేతుల్లోంచి జారినవన్నీ తలుపు సందులోంచి పోయి అందులో పడతాయి. తాళంచెవులు, చెవిదుద్దులు, పెన్నులు, ఒకసారైతే ఏకంగా కట్టుడుపళ్ళు. నాన్న అప్పుడప్పుడూ ఆ గుంతల్లోకి దిగి, నూనె పట్టిన దుమ్మంతా ఎత్తి శుభ్రం చేసేవాడు. పెళ్ళయిన కొత్తల్లో అలాంటి ఒక గుంతలో ఆయనకి అరచేతిలో ఇమిడే ఇత్తడి డబ్బీ దొరికింది. మూత మీద నీలం రంగు పిట్ట. ఆ మేడలో గడపగడపకీ తిరిగి అడిగాడు. ఎవరూ మాది అనలేదు. ఇంటికి తెచ్చి, తళతళలాడేలా తోమి కిటికీలో పెట్టాడు.

"భలే ముద్దుగా ఉందండీ" అంది అమ్మ.

ఆ మాట ఎందుకన్నానా అని అమ్మ తర్వాత చాలాసార్లు లెంపలేసుకుంది. అక్కడితో నాన్నకి పెట్టెల పిచ్చి పట్టుకుంది. ముత్యపు చిప్పలు పొదిగిన చెక్కపెట్టెలు, పువ్వులు అచ్చువేసిన రేకుడబ్బాలు, లక్కపూత డబ్బీలు, తోలు తొడిగిన గాజులపెట్టెలు. కొన్ని పాత సామాన్ల బజారులో కొన్నవి, కొన్ని జనం పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నవి. బందులు ఊడినవాటికి బందులు వేసేవాడు. మూత బిగుసుకుపోతే మైనం రాసేవాడు. లోపలి మఖమలు చివికిపోతే అమ్మ పాత జాకెట్టుముక్కలు అడిగేవాడు. కొన్నిసార్లు అడక్కుండానే తీసుకునేవాడు. గొడవలయ్యేవి.

మా ఇంట్లో టీవీ రిమోటు చుట్టలపెట్టెలో ఉండేది. మాత్రలు పౌడరుడబ్బాలో, దారపుకండెలు నగలపెట్టెలో ఉండేవి. చుట్టాలెవరైనా వచ్చి కాస్త తలనొప్పి మాత్ర ఇమ్మంటే, అది దొరికేలోపు వాళ్ళకి నొప్పి దానంతటదే తగ్గిపోయేది.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మమ్మ మాతో ఉండటానికి వచ్చింది. వచ్చిన రోజే హాలంతా కలియజూసి, "ఏమే, మీ ఆయన లిఫ్టులే బాగుచేస్తాడా, పెట్టెల కొట్టేమైనా పెట్టాడా?" అని అమ్మని అడిగింది. నాన్న వినపడనట్టు నటించాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా అవసరానికి మించి మాటలు నడిచేవి కావు. "భోంచేశారా బాబూ", "చేశానత్తయ్యా". అంతే.

ఇంతలో పాత హోటలొకటి మూసేస్తున్నారని కబురొచ్చింది. దాని లిఫ్టు ఏళ్ళతరబడి నాన్న చేతిమీదే నడిచింది. అక్కడ మేనేజరు గదిలో, బల్లమీద ఒక పెట్టె ఉండేదట. ఎర్రచెక్క మీద తెల్లటి చిప్పతో పొదిగిన రెండు గుర్రాలు. పనికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి వచ్చేవాడు. ఆదివారం సామానంతా అమ్మేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఆయన కాలు నిలవలేదు.

తీరా ఆదివారం పొద్దున చొక్కా తొడుక్కుంటుండగా ఫోను మోగింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల మనుషులున్నారు. నాన్న మొహం చూడాలి. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఎలా ఉంటుందా పెట్టె?" అని అడిగింది అమ్మమ్మ.

అందరం ఆవిడవైపు తిరిగాం.

"అలా చూస్తారేం? నాకు ఇంట్లో తోచి చస్తుందా? పిల్లని తీసుకుని నేను వెళ్తాను. గుర్తులు చెప్పండి బాబూ."

నాన్న గుర్రాల సంగతి చెప్పి, డబ్బు నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. అమ్మమ్మ అంత చురుగ్గా చెప్పులేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

హోటలు హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. కుర్చీలు, అద్దాలు, పరదాలు, గుట్టలుగా పళ్ళేలు. గుర్రాల పెట్టె నాకు దూరంనుంచే కనిపించింది. "అమ్మమ్మా, అదిగో" అంటూ చెయ్యి పట్టుకుని లాగాను. జనాన్ని తోసుకుంటూ వెళ్ళాం. ఇంకో నాలుగడుగులు వేస్తే చేతికందుతుందనగా, పాత సామాన్ల కొట్టాయన దాన్ని చంకలో పెట్టేసుకున్నాడు.

"నాయనా, అది మా అల్లుడు ఎప్పట్నుంచో అనుకుంటున్నది" అంది అమ్మమ్మ.

"ఇక్కడ అనుకోనివాళ్ళు ఎవరున్నారు పెద్దమ్మగారూ" అని నవ్వేసి ఆయన వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. నాన్నకి ఏం చెప్పాలి? అమ్మమ్మ మాత్రం అక్కడే నిలబడి బల్లకింద పడేసిన సామానువైపు చూస్తోంది. వంగి ఒక నల్లటి పెట్టెని బయటికి లాగింది. ఇటుకకన్నా కాస్త పెద్దది. మసిబట్టి, జిడ్డోడుతూ ఉంది. ఎత్తి చూసింది, ఇంకోసారి ఎత్తి చూసింది, చెవిదగ్గర పెట్టుకుని ఊపింది.

"ఇది తీసుకుందాం" అంది.

"నాన్నకి నచ్చదు అమ్మమ్మా."

"నాకు నచ్చిందిగా."

అమ్మేవాడు మమ్మల్ని ఎగాదిగా చూసి, వచ్చిందే చాలన్నట్టు ఇచ్చేశాడు.

మధ్యాహ్నం నాన్న ఒంటినిండా గ్రీజుతో వచ్చాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని క్షేమంగా దించాడు. చేతులు కూడా కడుక్కోకుండా, "దొరికిందా?" అన్నాడు. నేను తలదించుకుని జరిగింది చెప్పాను. బల్లమీద నల్ల పెట్టెని చూసి ఆయన మొహం వాడిపోయింది. పైకి మాత్రం, "బానే ఉందత్తయ్యా. మీరు అంతదూరం వెళ్ళడమే గొప్ప" అన్నాడు.

"మొహమాటం దేనికి బాబూ, నచ్చకపోతే పారేద్దురుగాని. పారేసేముందు ఒక్కసారి చెవిదగ్గర పెట్టుకుని ఊపండి."

నాన్న ఊపాడు. లోపల సన్నగా టక్కుమంది. మూత తీసి చూశాడు. ఖాళీ. మూసి ఊపాడు. మళ్ళీ టక్కుమంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు కడుక్కుని పరుగున వచ్చి స్కేలు తీశాడు. బయటి ఎత్తు కొలిచాడు, లోపలి లోతు కొలిచాడు. రెండింటికీ పొంతన లేదు.

"అత్తయ్యా, దీనికి దొంగ అడుగు ఉంది" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నా" అంది అమ్మమ్మ, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.

ఇక మాకు తిండి గుర్తులేదు. నాన్న గోరువెచ్చటి సబ్బునీళ్ళలో దూది ముంచి, పిండి, మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. దూది నల్లగా అయ్యేకొద్దీ నేను కొత్తది అందిస్తున్నాను. మసి కింద మొదట పసుపు కనిపించింది. తర్వాత ఎరుపు. తర్వాత చిన్నచిన్న ఆకులు. పెట్టె నాలుగువైపులా పూలతీగ చుట్టుకుని ఉంది. రంగురంగుల చెక్కముక్కలు గోరంత గోరంత కోసి అతికించిన పని.

"అటుపక్క, అటుపక్క తుడవండి" అని అమ్మమ్మ తొందర.

"ఆగండత్తయ్యా, గట్టిగా రుద్దితే లేచిపోతుంది."

"ఇటివ్వండి నేను తుడుస్తాను."

"మీ చేతికిస్తే ఇంకేమన్నా ఉందా?"

అల్లుడూ అత్తగారూ అలా దెబ్బలాడుకోవడం అదే మొదలు. నాకు నవ్వాగలేదు. తుడవడం అయ్యాక ప్రతి అంచూ నొక్కి చూశాం. పక్కలు తోశాం. తలకిందులు చేశాం. అడుగు ఊడి రాలేదు.

అన్నం చల్లారిపోయిందని రెండుసార్లు పిలిచి విసిగిపోయిన అమ్మ వచ్చి, "ముందు భోజనాలు కానివ్వండి. ఇదెక్కడికీ పారిపోదు" అంటూ పెట్టెని రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. బొటనవేలు ఒక పువ్వు మధ్యలో పడింది. లోపల స్ప్రింగు చప్పుడైంది. అడుగునుంచి సన్నటి సొరుగు ముందుకొచ్చి అమ్మ నడుముకి తగిలింది.

అంతలో వాసన వచ్చింది. తియ్యటి, చల్లటి వాసన. వానపడ్డ తోటలో నిలబడ్డట్టు. సొరుగులో వేలెడంత గాజుసీసా పొర్లుతోంది. అత్తరు ఎప్పుడో ఇంకిపోయి అడుగున గోధుమరంగు మరక మిగిలింది. ఎన్నేళ్ళుగా మూసుకుపోయి ఉందో ఆ వాసన, మా హాలంతా నిండి, చూస్తుండగానే పలచబడి పోయింది. అమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ పీల్చింది. ఆ కాసేపూ అమ్మ చిన్నపిల్లలా కనిపించింది.

నాన్న పెట్టె కోసం చెయ్యి చాపాడు. అమ్మ ఇవ్వలేదు.

"ఇది నాది" అంది.

"అదేంటే, తెచ్చింది నేను" అంది అమ్మమ్మ.

"తెరిచింది నేను."

నాన్నవైపు అమ్మమ్మ జాలిగా చూసింది. "మనకి ఇంకోటి వెతుక్కోవాలి బాబూ. ఆ పాత సామాన్ల బజారు వచ్చే ఆదివారం ఉంటుందా?"

"ప్రతి ఆదివారం ఉంటుందత్తయ్యా. పెందలాడే వెళ్తేనే మంచివి దొరుకుతాయి."

ఆ తర్వాత అమ్మమ్మకి మోకాళ్ళు మొరాయించేదాకా వాళ్ళిద్దరూ ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆవిడ ఊపి చెవిదగ్గర పెట్టుకునేది, ఆయన స్కేలు పెట్టి కొలిచేవాడు. మళ్ళీ దొంగ అడుగు ఉన్న పెట్టె ఒక్కటీ దొరకలేదు. వాళ్ళకి ఆ దిగులేమీ ఉన్నట్టు లేదు. బస్సు దిగి సందు మలుపు తిరుగుతుండగానే మాకు వాళ్ళ గొంతులు వినపడేవి, ఇంటికి తెస్తున్న పెట్టె ఎవరు మోయాలని వాదించుకుంటూ.