మామ మూసిన బావి

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. లాడ్జీలో నీళ్ళ మోటారు వేస్తూ ఆపుతూ బతికిన మనిషి గురించి ఎవరు చదువుతారు? అయినా మొన్న మంగళవారం మా పక్కింటి మామ పోయినప్పటి నుంచి చెయ్యి ఊరుకోవడం లేదు.

తిరుపతి బజారు నడుమ ఆ లాడ్జీ స్థలం మొదట సత్రం. కొండకు పోయేవాళ్ళు అక్కడి బావిలో చేదుకుని స్నానం చేసేవారు. తర్వాత మూడంతస్తుల లాడ్జీ వచ్చింది. గుండు మీద గంధం ఆరకముందే జనం గదుల కోసం కొట్లాడేవారు. నా పెళ్ళిచూపులు కూడా ఆ టిఫిన్ హాల్లోనే జరిగాయి, ఆ గొడవ ఇప్పుడెందుకు. బోరు పడ్డాక బావిని పూడ్చే ఓపిక లేక, అక్కడే నీళ్ళు చేదే పనిలో ఉన్న మామ, ఇంకో ఇద్దరూ కలిసి పైన రాతిబండలు పరిచి మట్టి కప్పారు. దాని మీద స్కూటర్లు నిలబెట్టేవారు. మామ మోటారు గదికి మారాడు. పైపుకు చెవి ఆనించి, "నీళ్ళు వచ్చేది చెవికే ముందు తెలుస్తాదప్పా" అనేవాడు.

నిరుడు లాడ్జీని కూల్చారు. ఇప్పుడు కట్టేది పెద్ద హోటలు, అడుగున కార్లకు సెల్లారు. మట్టి తవ్వే యంత్రం వచ్చిన ఉదయం మామ నన్ను వెంటబెట్టుకుని పోయి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈడ బావి ఉండాదప్పా. ఈ బరువుకు బండలు ఆగవు. బండి తోలే ఆ పిల్లోడు బండితో సహా లోపలికి పోతాడు."

ఇంజినీరు కాగితం విప్పాడు. "ప్లానులో బావి లేదు తాతా."

"ప్లాను గీసినాయన యాడుండాడో నాకు తెలీదు. బండలు పరిచినోణ్ణి నేను."

"అయితే చూపించు. అరగంట."

అక్కడే వచ్చింది చిక్కు. వంటింటి గడప నుంచి పద్దెనిమిది అడుగులని మామ గుర్తు. గడపా లేదు, వంటిల్లూ లేదు. అంతా ఒకటే ఎర్రమట్టి. గడ్డపార దించాడు, గట్టి నేల. ఇంకోచోట దించాడు, అదీ అంతే. గూడూరు నుంచి వచ్చిన డ్రైవరు పైనుంచి, "బావి దర్శనానికి పోయిందేమో చూడు తాతా!" అన్నాడు. కూలీలు నవ్వారు. ఎనభై దాటిన మనిషి కదా, నాకూ అనుమానం వచ్చింది.

"పోదాం రా మామా."

"నువ్వు పో అల్లుడా. ఆ పిల్లోడు దిగేదాకా నేను రాను."

ఇంజినీరు గడియారం చూసి చెయ్యి ఊపాడు. యంత్రం కదిలింది. మామ దాని ముందే మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులా ఎత్తి పొడిచాడు. గడ్డపార చేతుల్లోంచి జారి నేలలోకి పోయింది. మొత్తం పోయింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. మామ ఆ కన్నంలోకి ఒక రాయి వదిలాడు. చాలా కిందినుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది. అప్పుడు అర్థమైంది మాకు, ఆయన కూర్చున్నది ఆ బండల మీదే.

"కదలొద్దు తాతా," అంటూ డ్రైవరు దిగి, మట్టిలో బోర్లా పాకుతూ వచ్చి, చంకల కింద చేతులేసి ఈవలికి లాగాడు. ఆ తర్వాత మూడు రోజులు ఇసుక పోసి బావిని పూడ్చారు.

మంగళవారం పాడె లేపే వేళకు ఆ డ్రైవరు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. హెల్మెట్ తీసి నా చేతికిచ్చాడు. పాడె వెనక కొమ్ము పట్టుకున్నాడు.