పట్టుపురుగుల ఇల్లు, అక్క తొలికాన్పు

మా నాయనతో మాట్లాడి గెలిచినవాళ్ళు కెలమంగలం చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను హోసూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని, రోజూ మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని చూసేదాన్ని. జ్వరాల విషయంలోనన్నా కూతురు మాట వినొచ్చు కదా. వినడు. గోడకు చెప్పుకున్నట్టే.

తొంభైల చివరి సంగతి. కొండ కింద మా పల్లెలో ఏటా వానలు పడినంక చలిజ్వరాలు వచ్చేవి. దోమలమందు కొట్టేవాళ్ళు వస్తే నాయన వాకిట్లో అడ్డం నిలబడేవాడు. మేము ఉండే ఇంట్లోనే పట్టుపురుగులను పెంచేవాళ్ళం. మందు సోకితే తట్టల్లో పురుగులన్నీ చస్తాయి. "పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి, పక్కింటికి పోండప్పా" అనేవాడు. పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకుంటే మా పక్క దాన్ని జ్వరమంటారు. ఆ జ్వరానికి మేము గట్టిగా దగ్గకూడదు, పోపు పెట్టకూడదు. మనిషి జ్వరానికి మాత్రం మిరియాల కషాయం, అంతే.

ఆ ఏడు అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఏడో నెలలో. అంతకుముందు ఆరేళ్ళు బెంగళూరులో కాపురం. నాకు భయం పట్టుకుంది. "నాయనా, ఈ వానలు పోయేదాకా అక్కను హోసూరులో నా దగ్గర పెట్టుకుంటాను. లేదంటే మందన్నా కొట్టించు" అన్నాను.

"అది ఈడ పుట్టి పెరిగిన పిల్ల. దానికి రాని జ్వరమా? ఒంటికి అలవాటే. ఏం కాదులేమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సగం నిజం చెప్పే మనిషితో వాదించేది ఎట్ల? అదే జ్వరం పదేపదే తగిలినవాళ్ళ రక్తంలో దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారవుతాయి, నిజమే. క్రిమి లోపల ఉన్నా మనిషి పడిపోడు. కానీ ఆ జ్వరం లేని ఊర్లో కొన్నేళ్ళు ఉంటే ఆ కావలి పలచబడిపోతుంది. పైగా తొలిచూలు. ఆ క్రిమి పోయి కడుపులో బిడ్డకు అంటుకోని ఉండే మాయలో దాక్కుంటుంది, అంతకుముందు మాయే ఎరగని ఒంటికి ఆడ దాన్ని ఎదిరించడం తెలియదు. ఇదంతా చెప్పినాను. నాయన మల్బరీ ఆకు తరుగుతా ఊఁ కొట్టినాడు. పుట్టిల్లు ఉండగా చెల్లెలి బాడుగింట్లో ఉంటే నలుగురేమంటారని అమ్మ. నాకు విసుగొచ్చి బస్సెక్కేసినాను. ఆ రోజు ఇంకొంచెం సేపు అరిచి ఉండాల్సింది.

మూడు వారాలకు అక్కను వణుకుతా ఉండగా హోసూరుకు తెచ్చినారు. వేలు పొడిచి రక్తం తీసింది నేనే. మైక్రోస్కోపు కింద వెతకాల్సిన పనే లేదు, అన్నీ ఆ క్రిములే. అక్క దక్కింది. బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టింది, ఏడవలేదు.

తర్వాత ఊరికి పోయి నాయన రక్తం తీసినాను. క్రిమి ఉంది.

"నాకు జ్వరమే లేదే" అన్నాడు.

"నీకు లేదు. నీ ఒంట్లోది దోమ తీసుకోనిపోయి అక్కకిచ్చింది" అన్నాను. అది ఆయన నుంచే వచ్చిందని ఎవరు చెప్పగలరు? నాకూ తెలుసు. కోపంలో అనేసినాను. ఆయన నేనిచ్చిన మాత్రలు మింగినాడు. ఆ వారం దోమలమందు కొట్టేవాళ్ళు వస్తే, గూళ్ళు కట్టడానికి సిద్ధంగా ఉన్న పురుగులను తానే తట్టలతో సహా దిబ్బలో పోసి, తలుపులన్నీ తెరిచినాడు.

రెండేళ్ళకు అక్క మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి నాయన పుట్టింటికి రమ్మనలేదు. బెంగళూరులోనే ఆడపిల్ల పుట్టింది. చూడడానికి బయలుదేరినవాడు నడుమ హోసూరులో దిగి, నెయ్యిడబ్బా చంకన పెట్టుకోని నేరుగా నా ల్యాబుకు వచ్చినాడు. వేలు చాపినాడు.

"చూడమ్మా. ఉంటే ఈడనించే వెనక్కి పోతాను."

"ఉన్నా ఎత్తుకుంటే అంటదు నాయనా, దోమ కుట్టాల. ఎన్నిసార్లు చెప్పేది?"

వింటేగా. వేలు అట్లనే పెట్టుకోని నిలబడినాడు. పొడిచి, చూసి, ఏమీ లేదన్నాను.

"ఇంకోసారి చూడు" అన్నాడు.

తిట్టుకుంటానే మళ్ళీ చూసినాను.