బెజవాడ మాడితే బందరుకు గాలి

ఆసిమ్ గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు, ఆసిమ్ తప్ప. గొప్పవాళ్ల జీవితాలు రాయడానికి చదువుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఇంజినీరింగ్ కాలేజీకి రెండో ఏడాదిలోనే సెలవిచ్చి పంపేసిన నా వంటి మేధావి మాత్రం ఆసిమ్ వంటివాడికే దక్కాడు. వాడి అదృష్టం.

వాడు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఫ్లెక్సీలు కట్టేవాడు. పుట్టినరోజు నాయకుడిదైనా, ప్రారంభోత్సవం బిర్యానీ హోటల్‌దైనా మేడంత ఎత్తున వేలాడదీసేది వాడే. తనతో ఒక మాట చెప్పకుండా బెజవాడలో గాలి వీయదని వాడి నమ్మకం. ఓసారి చెప్పకుండా వీచింది. హోర్డింగు మీద నుంచి జారి కొబ్బరిబోండాల బండి మీద పడ్డాడు. లేవకముందే బోండాం ధర అడిగి బేరమాడాడని నేను పదిమందికి చెప్పాను. పదకొండోవాడికి చెప్పేసరికి రెండు బోండాలు తాగి మరీ లేచాడు. నిజానికి చెయ్యి విరిగింది.

కట్టు విప్పిన రోజున వాడి భార్య అఫ్సా తేల్చి చెప్పింది.

"మళ్లీ హోర్డింగ్ ఎక్కావంటే పిల్లను తీసుకుని గుణదల మా అమ్మింటికి పోతా. ఎక్కేది నువ్వు, పడేది నా సంసారం."

ఉత్తుత్తి బెదిరింపు కాదని తెలియడానికి, అటక మీది సూట్‌కేసు అప్పటికే కిందికి దిగి ఉంది.

ఆ రోజుల్లోనే బందరు దగ్గర మంగినపూడి తీరంలో కొత్తగా వెలసిన ఒక క్లబ్బుకు సహాయకుడు కావాలని తెలిసింది. అక్కడ నేర్పేది విండ్‌సర్ఫింగ్. పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకుని గాలితో నీళ్ల మీద పరుగెత్తడం. ఆ ఉద్యోగానికో పరీక్ష పెట్టారు. సముద్రంలో తేలే నారింజరంగు డ్రమ్మును చుట్టి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. వస్తే ఉద్యోగం. రాకపోతే మళ్లీ ఫ్లెక్సీలు, ఫ్లెక్సీలంటే గుణదల.

"గాలి సంగతి నాకు నేర్పేదెవడు మామా?" అన్నాడు నాతో.

సాధన కోసం పాత ఫ్లెక్సీతో తెరచాప కుట్టుకుని, బ్యారేజీకి ఎగువన కృష్ణలో దింపాడు. ఫ్లెక్సీ మీద ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఒడ్డున స్నానాలు చేసేవాళ్లు తిరిగి దణ్ణం కూడా పెట్టారు. పలక మాత్రం కదల్లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే నాయకుడి బుగ్గల మీదా పొట్ట మీదా అర్ధచంద్రాల్లా కోతలు!

"ఇవేంట్రా?"

"గాలి పోవద్దా మరి? కొయ్యకపోతే ఫ్లెక్సీ చిరిగిపోద్ది కదా."

"గాలి పోవడానికి తెరచాప ఎందుకురా? గుమ్మం తెరిచి నించో."

ఏళ్ల తరబడి గాలిని వదిలిపెట్టడమే వాడి వృత్తి. పట్టుకోవాలని చేతులకు తోచలేదు.

తర్వాత బందరు వెళ్లి క్లబ్బు యజమాని నతానియేలు గారి అసలు తెరచాప పట్టుకున్నాడు. పొద్దున్నే వెళ్లాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి, గాలి వెనక నుంచి మెత్తగా తోస్తోంది. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుందని ఎక్కాడు. పోయాడు. పోతూనే ఉన్నాడు. ఇంకాసేపు వదిలితే అండమాన్‌లో ఫ్లెక్సీ కట్టి వచ్చేవాడే. క్లబ్బు మోటారు పడవ వెళ్లి పట్టుకొచ్చింది.

నతానియేలు గారు కోప్పడలేదు. ఇసుకలో కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"పొద్దున గాలి నేల మీంచి సముద్రంలోకి పోద్దయ్యా. నిన్ను దిగబెట్టుద్ది గానీ తీసుకురాదు. ఎండెక్కి నేల కాలితే, పైన వేడిగాలి లేచిపోద్ది. ఆ ఖాళీలోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తది. మధ్యాహ్నం ఆ గాలి ఒడ్డుకి ఏటవాలుగా కొడతది. అప్పుడు అడ్డంగా పోవచ్చు, అడ్డంగా రావచ్చు. చేతకాకపోయినా ఒడ్డుకే చేరతావు."

"అంటే బెజవాడ మాడితే ఇక్కడ గాలన్నమాట," అన్నాడు ఆసిమ్.

"మీ ఊరొక్కటే కాదులే. మధ్యలో మా ఊళ్లు కూడా మాడతాయి."

ఆ రెండో ముక్క వాడి చెవిన పడలేదు. మే నెలలో మనం తిట్టుకునే ఎండ బందరు గాలికి ఇంజనని, ఆ ఇంజను సాక్షాత్తూ బెంజ్ సర్కిల్లోనే ఉందని అందరికీ చెప్పుకు తిరిగాడు. ఏమాటకామాటే, అప్పట్నుంచి మధ్యాహ్నాలే ఎక్కాడు. డ్రమ్ము దాకా పోయి రావడం కూడా వచ్చేసింది.

పరీక్ష రోజున ఎప్పుడైనా ఎక్కవచ్చన్నారు. పోటీలో ఇంకొకడు యేసుకుమార్, జిమ్ములో కండలు పెంచిన బందరు కుర్రాడు. పొద్దున్నే ఎక్కి, డ్రమ్ము దాటి, చేతులూపుతూ కనుమరుగయ్యాడు. పడవ వాడి వెనక పోయింది.

ఆసిమ్ మధ్యాహ్నం కోసం కూర్చున్నాడు. తీరాన ఎండ కాస్తోంది గానీ గాలి మాత్రం ఇంకా నేల మీంచే పోతోంది. వాడికి అనుమానం వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"అక్కడ ఎండెలా ఉంది?"

"పరీక్ష మానేసి ఎండ గురించి అడుగుతావేంటి?" అంది అఫ్సా. "మబ్బు పట్టేసింది. మాగాయ ముక్కలు మిద్దె మీద పోసి నిన్నట్నుంచీ కాపలా కాస్తన్నా, చెమ్మే ఆరలేదు."

ఫోన్ పెట్టేసి, ఇంత ఇసుక తీసి గాల్లోకి వదిలి, అది సముద్రం వైపే పోవడం చూశాడు. తర్వాత లేచి నతానియేలు గారి దగ్గరికి వెళ్లాడు.

"ఈరోజు గాలి తిరగదు సార్. నేనెక్కను."

"ఎక్కకపోతే ఉద్యోగం లేదు, తెలుసుగా?"

"తెలుసు సార్. ఎక్కితే నేనే లేను."

అప్పుడే గన్నవరం నుంచి ఒక కుటుంబం దిగింది. పిల్లల్ని పలకలెక్కించమని గొడవ. ఆసిమ్ పలకల ముందు రెండు చేతులూ చాచి నిలబడిపోయాడు. "గాలి పోయేదే గానీ వచ్చేది కాదండీ! కావాలంటే రేపు రండి, మా ఊళ్లో ఎండ కాస్తే!" వాళ్లు తిట్టారు. నతానియేలు గారి ముఖం ఎర్రబడింది. ఈలోగా పడవ యేసుకుమార్‌ను తాడుకు కట్టుకుని లాక్కొచ్చింది. కండల వీరుడు ఇసుకలో వాలిపోయి అమ్మను తలుచుకుంటున్నాడు. ఆయన వాడికేసి చూశారు, పిల్లలకేసి చూశారు.

"ఎక్కేవాళ్లు వందమంది దొరుకుతారయ్యా ఆసిమ్," అన్నారు నిట్టూర్చి. "నాకున్న పడవ ఒకటే. రేపట్నుంచి పనిలోకి రా. ఎవరెప్పుడు ఎక్కాలో నువ్వే చెప్పు. అదిగో, ఆ మంచె మీద కూర్చుని జెండా ఎగరెయ్యి."

ఆసిమ్ అక్కడికక్కడే అఫ్సాకు ఫోన్ చేసి ఉద్యోగం సంగతి చెప్పాడు. మంచె సంగతి నేను పక్కనుంచి అరిచి చెప్పాను. స్నేహితుడన్నాక ఏదీ దాచకూడదు.



"ఎంత ఎత్తు?" అంది అఫ్సా.

"కిటికీ అంత."

"ఏ కిటికీ? కిందింటిదా, మూడో అంతస్తుదా?"

"కిందింటిదేలే."

"కింద ఏముంది?"

"ఇసుక."

"ఆ నీ పక్కనున్న అబద్ధాలకోరుకి ఫోనివ్వు. ఇసుకేనా అని వాణ్ణడుగుతా."

ఇసుకేనని జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నమ్మలేదు. వీడియో కాల్ చేసి, మంచె నిచ్చెన కింద గుప్పెడు ఇసుక తీయించి చూసుకుని, అప్పుడు సూట్‌కేసు అటకెక్కించింది.