ట్యాంకు మూతకి తాళం

ఆయన్ని అందరూ చుక్క డ్రైవరనేవాళ్లు. కొత్తవాళ్లు ఆ పేరు విని, సాయంత్రమయ్యేసరికి మందు కొట్టే మనిషేమోనని ఒక అడుగు దూరంగా నిలబడేవాళ్లు. ఆయన జన్మలో గ్లాసు ముట్టలేదు. డీజిల్ ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వడని ఆ పేరు. యాక్సిలరేటరు మీద ఆయన కాలు వేసే తీరు చూస్తే, దాని కింద పసిపాప ఎవరైనా నిద్రపోతోందా అనిపించేది. దూరాన ఎర్రలైటు కనబడితే చాలు, కాలు తీసేసి బండిని దానంతటదే దొర్లనిచ్చేవాడు. దిగుడు వస్తే గేరు న్యూట్రల్‌లో పడేసి, ఎవరో ఊరికే ఇచ్చిన దారిని అనుభవిస్తున్నట్టు వెనక్కి వాలి కూర్చునేవాడు.

"మా బావ బండి నడపడు, బతిమాలతాడు," అనేవాడు బామ్మర్ది.

బామ్మర్ది అంటే భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లి చేసుకోకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. ఇద్దరూ ఒకే ఓనరు దగ్గర పనిచేసేవారు. ఓనరుది జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. చిన్న జనరేటర్లని వ్యానులోకెక్కించి డ్రైవరు తీసుకెళితే, అక్కడ దించి, నడిపి, చెడిపోతే బాగుచేసేది బామ్మర్ది. వ్యానులో పక్కపక్కనే కూర్చుని, దారి పొడుగునా కీచులాడుకుంటూ పోయేవారు.

షెడ్డులో ఉన్న బళ్లన్నిటిలోకీ ఆయన వ్యానే ఎక్కువ మైలేజీ ఇచ్చేది. మిగతా డ్రైవర్లని తిట్టాలంటే ఓనరు ఆయన పేరే ఎత్తేవాడు. తిట్లు తిన్నవాళ్లు బయటికొచ్చి ఆయన్ని తిట్టేవాళ్లు. ఆయనకి అదీ బాగానే ఉండేది. చదువు లేదు. ఉంటున్నది అద్దె ఇల్లు. పిల్లలు కలగలేదు. నలుగురిలో తలెత్తుకోవడానికి ఉన్నదల్లా ఆ మైలేజీ ఒక్కటే.

అలాంటి రోజుల్లో ఓనరు ఒక పెద్ద జనరేటరు కొన్నాడు. అది వ్యానులో పట్టదు. రెండు చక్రాల ట్రైలరు మీద ఇనప డబ్బాలో బిగించి ఉంటుంది. వ్యాను వెనక హుక్కుకి తగిలించి లాక్కుపోవాలి. డబ్బా ఎత్తు వ్యాను కప్పు కంటే ఎక్కువ. ట్రైలరుకి సొంత బ్రేకులు లేవు.

మొదటి ట్రిప్పుకే మైలేజీ పడిపోయింది. ఏదో పొరపాటనుకున్నాడు. రెండో ట్రిప్పుకీ అంతే, దాదాపు మూడో వంతు తగ్గింది. ఓనరు ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఆయన్ని కాల్చుకు తింది. ఆయనంతట ఆయనే వెళ్లి చెప్పుకున్నాడు.

"వెనకాల అంత బరువు కట్టాం కదండీ. ఆగి కదిలిన ప్రతిసారీ ఇంజను దాన్ని కూడా ఈడ్చాలి. పైగా ఆ డబ్బా గోడలా నిలబడి గాలికి అడ్డం పడుతోంది."

ఓనరు నవ్వాడు. "ఎక్కేటప్పుడు బరువు, సరే. దిగేటప్పుడు అదే బరువు వెనక నుంచి తోస్తుంది కదయ్యా. ఎక్కేటప్పుడు తిన్నది దిగేటప్పుడు కక్కాలా వద్దా? మరి ఆ మిగిలింది ఎక్కడికి పోతున్నట్టు?"

ఆ ప్రశ్న వెనక ఏముందో ఆయనకి అప్పుడు తట్టలేదు. మర్నాడు పొద్దున తెలిసింది. ఓనరు బల్ల మీద కొత్త ట్యాంకు మూత ఉంది. దానికి తాళం.

"నా బండికొక్కదానికేనాండీ?"

"ముందు నీదానితో మొదలుపెడదామని. తాళంచెవి మీ బామ్మర్ది దగ్గరుంటుంది. బంకులో అతనే తీస్తాడు, అతనే వేస్తాడు. నీకూ నిశ్చింత కదా."

ఆయన మూత తీసుకుని బయటికొచ్చి, తనే బిగించుకున్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బంకుకి వెళితే అంతకుముందు కిందికి దిగి, గొట్టం చివర వేలాడే చుక్క కూడా ట్యాంకులో పడేదాకా నిలబడేవాడు. ఇప్పుడు సీటులోంచి కదిలేవాడు కాదు. బామ్మర్ది దిగి తాళం తీస్తుంటే బంకులో కుర్రాళ్లు ఊరుకుంటారా?

"ఏంటన్నా, ట్యాంకులో బంగారం గానీ దాచారా?"

"మీ చూపు తగులుద్దని వేశాం లేరా, నువ్వు డీజిల్ పొయ్యి," అనేవాడు బామ్మర్ది. బండెక్కాక తాళంచెవి బావ ఒళ్లో పడేసేవాడు. "నాకెందుకు బావా ఈ గోల? నీ దగ్గరే పెట్టుకో. ఆయనేం వచ్చి చూస్తాడా?"

"నీకిచ్చారు. నీ దగ్గరే ఉండనీ."

ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య తమ్ముడి తాళాల గుత్తి చూసింది. "ఇదేం తాళంరా, కొత్తగా ఉంది?"

"గోడౌనుది అక్కా."

"నా ట్యాంకుది," అన్నాడు ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. "నేను డీజిల్ అమ్ముకోకుండా మీ తమ్ముణ్ణి కాపలా పెట్టారు."

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట అన్నం మిగిలిపోయింది.

అప్పట్నుంచి ఆయన మైలేజీ వెంట పడ్డాడు. ట్రైలరు టైర్లలో గాలి తక్కువుంటే నింపించాడు. డబ్బా మీద రెపరెపలాడే టార్పాలిన్‌ని లాగి బిగించి కట్టాడు. అక్కర్లేని ఇనప సామానంతా దింపించాడు. సైకిళ్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేంత నెమ్మదిగా నడిపాడు. మైలేజీ కాస్త పెరిగింది. పాత అంకెకి మాత్రం చేరలేదు. చేరితేగానీ తాళం ఊడదని ఆయన మనసులో పడిపోయింది. ఓనరు అలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

కొండ మీద నీళ్ల ట్యాంకు కడుతుంటే జనరేటరు అక్కడ కొన్నాళ్లు ఉంది. పని ముగిశాక దాన్ని దింపుకురావడానికి ఇద్దరూ వెళ్లారు. మధ్యాహ్నం. ఎండ, ఖాళీ రోడ్డు. దిగుడు మొదలవగానే ఆయన గేరు న్యూట్రల్‌లోకి తోశాడు.

"బావా, గేరులో ఉంచు. వెనక ట్రైలరుంది."

"ఉంది కాబట్టే. ఎక్కేటప్పుడు తిన్నది ఇప్పుడు కక్కిస్తా."

"గేరులో ఉంచి కాలు తీసేస్తే దిగుడులో ఇంజనుకి డీజిల్ అందదు. తాగేదే లేనప్పుడు నువ్వు మిగిల్చేదేంటి? నాకు ఇంజన్లు తెలుసు."

"నీకు నిలబడ్డ ఇంజన్లు తెలుసురా. నాకు పరిగెత్తేవి తెలుసు."

బామ్మర్ది నవ్వి ఊరుకున్నాడు. బావతో వాదించి గెలిచిన రోజు ఎన్నడూ లేదు.

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు దగ్గర ట్రైలరు బరువు వెనక నుంచి భుజం పెట్టి తోసినట్టు తెలిసింది. ఆయన బ్రేకు నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. కాలిన వాసన వచ్చింది. కాసేపటికి పెడలు మెత్తగా కిందికి పోయి, పట్టడం మానేసింది. గేరు వేయబోయాడు. ఆ వేగంలో పళ్లు కొరికిన చప్పుడే తప్ప గేరు పడలేదు.

"బావా," అన్నాడు బామ్మర్ది. అరవలేదు. మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

మూడో మలుపులో ట్రైలరు విసురుగా పక్కకి జరిగి, వ్యానుని రోడ్డుకి అడ్డంగా తిప్పింది. బామ్మర్ది కూర్చున్న వైపు కొండరాయికి కొట్టుకుంది.

ఆయనకి మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. బామ్మర్దికి వెన్ను విరిగింది. నడుము కింద ఇక కదలదన్నారు ఆస్పత్రిలో. పోలీసులు అడిగితే, వరండాలో అందరి ముందూ, "నేనే న్యూట్రల్‌లో దించాను," అని చెప్పాడు. భార్య అక్కడే ఉంది. విన్నది. ఏడుపు ఆపేసి ఆయన వంక చాలాసేపు చూసింది. ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. ఇంట్లో అవసరమైన మాటలన్నీ మాట్లాడేది, అది తప్ప.

ముందుగది మంచం బామ్మర్దిదైంది. ఒళ్లు పుండు పడకుండా తరచూ పక్కకి తిప్పాలని నర్సు నేర్పింది. తిప్పడం ఆయన పని. బండి లేదు, ఉద్యోగం లేదు. అదొక్కటే పని.

చాలా నాళ్లకి ఓనరు వచ్చాడు. మంచం పక్క కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్నాడు.

"ఇంకో వ్యాను కొని, వేరే డ్రైవరుని పెట్టాను. అతని దగ్గరా మైలేజీ అంతే వస్తోందయ్యా. డ్రైవరుని మార్చి చూశాను, బంకు మార్చి చూశాను. ఆ ట్రైలరుని ఎవరు లాగినా అంతే తాగుతోంది. డీజిల్ నువ్వు తియ్యలేదు. షెడ్డులో అందరికీ చెప్పాను."

ఆయన తల వంచుకుని విన్నాడు. ఈ మాట కోసమే కదా ఇదంతా చేసింది. ఇప్పుడది చేతికొస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ డ్రైవరు మార్చడమేదో ముందే చేసుంటే పోయేది కదా అన్నయ్యగారూ," అంది భార్య గుమ్మంలోంచి.

ఓనరు చెప్పుల వైపు చూసుకున్నాడు. లేస్తూ, "మళ్లీ పనిలోకి రా. ఎప్పుడొచ్చినా సరే," అన్నాడు.

ఆయన రాననే చెప్పబోయాడు. బామ్మర్ది అడ్డుపడ్డాడు. "వెళ్లు బావా. ఇద్దరం మంచమెక్కితే అక్క ఎవరికని చేస్తుంది?"

వెళ్లాడు. అదే ట్రైలరు, పక్క సీటులో వేరే ఆపరేటరు. ఇప్పుడాయన చిన్న దిగుడు కనబడినా రెండో గేరులోకి దించుతాడు. ఇంజను గీపెడుతుంటే, వెనకున్న బళ్లు హారన్లు కొడుతుంటే, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని మెల్లగా దిగుతాడు. చదును నేల మీద కూడా గేరు తియ్యడు. కాలు అవసరమైన దానికంటే బరువుగానే వేస్తాడు. షెడ్డులో అన్నిటికంటే తక్కువ మైలేజీ ఇప్పుడా బండిదే. ఓనరు కారణం అడగడు. తోటి డ్రైవర్లు ఆ పాత పేరుతో పిలవడం మానేశారు. వేరే పేరేదీ పెట్టలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే బామ్మర్ది మంచం మీంచి అడుగుతాడు. "ఇవాళ మైలేజీ ఎంతొచ్చింది బావా?"

ఎగతాళికే అడుగుతున్నాడో, బావ మాట్లాడాలని అడుగుతున్నాడో ఆయనకి తెలియదు.

"చూళ్లేదురా," అని, ఆయన చేతులు కడుక్కుని వచ్చి, వాడి నడుము కింద చెయ్యి పెట్టి, గోడ వైపు తిప్పుతాడు.