మైకులో కుక్కిన గోనెగుడ్డ

మైకక్క ఈ నెలాఖరుకు రిటైరవుతోంది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని యూనియన్ వాళ్లు నన్నడిగారు. రాయడానికి కూర్చుంటే మంచి మాటల కంటే ముందు కోపం వస్తోంది. సరే, కోపమే రాస్తాను.

మా ధాన్యం యార్డులో ఆమె గొంతు తెలియని మనిషి లేడు. ఏ లారీ ఏ గేటుకు రావాలో, ఏ కుప్పకు ఎప్పుడు వేలమో, ఎవరి తాళంచెవులు ఎవరికి దొరికాయో, అన్నీ ఆమె నోటే వినేవాళ్లం. మనిషికి ముక్కుమీదే ఉంటుంది కోపం. మైకులో మాత్రం ‘దయచేసి’ లేకుండా మాట్లాడేది కాదు. నేను నాలుగో షెడ్డులో కాటా వేసేవాణ్ణి. ఆమె తమ్ముడు అదే షెడ్డులో హమాలీ. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఈమే. నలభై ఏళ్లొచ్చినా మధ్యాహ్నం కాగానే అక్క క్యారేజీలో చెయ్యిపెట్టేవాడు.

ఐదేళ్ల కిందటి వేసవిలో పై ఆఫీసు నుంచి రోజూ ఒక కాగితం రావడం మొదలైంది. ‘మైదాన ప్రాంతాల్లో అక్కడక్కడ ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో భారీ వర్షం కురిసే అవకాశం ఉంది.’ దాన్ని ఉన్నదున్నట్టు మూడుసార్లు చదవాలని యార్డు కార్యదర్శి ఆర్డరు. ఎండ నిప్పులు చెరిగే రోజున అదే వాక్యం, ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా అదే వాక్యం. ఎప్పుడు ఎక్కడ పిడుగు పడ్డా ‘మేం ముందే చెప్పాం’ అనడానికి వాళ్ల దగ్గరొక కాగితం ఉండాలి. ఆ కాగితం కాపాడేది వాళ్లనే.

మైకక్క ఊరుకోలేదు. కార్యదర్శి గదిలోకి వెళ్లి నిలదీసింది. “రోజూ ఇదే చదివితే ఎవరు వింటారండీ? నిజంగా ముప్పున్న రోజుకి వేరే మాటేదైనా పెట్టండి” అంది. “చదవడం మీ పని. ఆలోచించే పని వేరేవాళ్లది” అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పదిరోజుల్లో యార్డు ఆమెకు ఉరుములక్క అని ఇంకో పేరు పెట్టేసింది. అందరికంటే ఎక్కువ ఆటపట్టించింది ఆమె తమ్ముడే. అక్క వాన వస్తుందంటే బట్టలు ధైర్యంగా ఆరేసుకోవచ్చని చెప్పి నవ్వించేవాడు.

ఇక నా ఘనకార్యం. మైకు గొట్టం ఒకటి సరిగ్గా నా కాటా మీదే ఉండేది. నేను తూకం చెబుతుంటే పైనుంచి ఆ ఉరుములు, మెరుపులు. రాసేవాడికి నలభై ఒకటి నలభై ఏడుగా వినిపించేది, దాంతో రైతులతో గొడవ. ఒకరోజు విసుగు పుట్టి బస్తాల మీదికెక్కి, చిరిగిన గోనెగుడ్డ ఒకటి ఉండచుట్టి గొట్టంలో కుక్కేశాను. జారకుండా నా కాళ్లు పట్టుకున్నది ఆమె తమ్ముడు. షెడ్డంతా ప్రాణం హాయిగా ఉందంది. ఆమెకు మాత్రం ఎవరమూ చెప్పలేదు. చెబితే తాట తీస్తుందని భయం.

నాలుగో షెడ్డుకు మాట సరిగా చేరడం లేదని ఆమెకు ఎలాగో తెలిసింది. గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుంది. రెండుసార్లు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లింది. కుళాయి దగ్గర ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే నేను కళ్లారా చూశాను. చూసి, చెంబు నింపుకుని నా దారిన నేను పోయాను.

ఇక గాలివాన వచ్చిన రోజు. మధ్యాహ్నం మూడింటికి గాలి పూర్తిగా ఆగిపోయింది. పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ధాన్యం తడుస్తుందని మా షెడ్డులో అందరం టార్పాలిన్ల కోసం పరుగెత్తాం. తమ్ముడు ఇరవై బస్తాల ఎత్తున్న దొంతర మీదికెక్కి తాడు బిగిస్తున్నాడు. మేడమీద మైకు గది కిటికీలోంచి ఆకాశం చూసిన మైకక్క, చేతిలోని కాగితం అవతల పారేసి మైకులో అరిచిందట. దొంతరలు దిగండి, రేకుల కింద నిలబడకండి, గోడౌన్లలోకి పొండి అని. ‘దయచేసి’ లేని ఆమె మాట విని మిగతా మూడు షెడ్లూ బతుకుజీవుడా అని పరుగెత్తాయి. మాకు మాత్రం గోనెగుడ్డలోంచి దోమ రొద లాంటిదేదో వినిపించింది.

నాలుగో షెడ్డులో ఎవరూ కదలకపోవడం ఆమె కిటికీలోంచి చూసింది. మైకు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలుతున్న సిమెంటు కళ్లం మీద పరుగెత్తుకొచ్చింది.

“దిగరా! ధాన్యం పోతే పోనీ, ముందు దిగు!”

వాడు నవ్వుతూనే దిగాడు. కాలు నేలమీద పెట్టాడో లేదో గాలి కప్పును లేపేసింది. ఒక రేకు దొంతర మీద అంతకుముందు వాడు నిలబడ్డ చోటే పడి టార్పాలిన్‌ను నిలువునా చీల్చింది. ఇంకోటి ఆమె కుడిభుజాన్ని కొట్టింది. ఎదుటి దీపస్తంభం మీద పిడుగు పడేసరికి ఆమెను గోడౌన్‌లోకి మోసుకొచ్చాం. ఆ చెయ్యి ఈనాటికీ భుజం దాటి లేవదు.

వారం తిరక్కుండా ఆస్పత్రి మంచం దగ్గరికే మెమో పంపారు. హెచ్చరిక చదివే సమయంలో మైకు గది ఎందుకు వదిలారు, ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదు అని. మాకింకో కాగితం. హెచ్చరిక అన్ని షెడ్లలో స్పష్టంగా వినిపించిందని సంతకాలు పెట్టాలి. సంతకాలు పడితే ఆమె ఊరికే పరుగెత్తినట్టు, తప్పంతా ఆమెదైనట్టు. సిగ్గులేకుండా పెట్టేశారు ఒక్కొక్కరే. నా వంతు వచ్చినప్పుడు కార్యదర్శితో ఉన్నది చెప్పేశాను. అలా రాస్తే మైకులు సరిచూడనందుకు తామూ ఇరుక్కుంటామని, నా ఉద్యోగమూ ఉండదని, నోరు మూసుకుని సంతకం పెట్టమని అన్నాడు. నేను కలం లాక్కుని రాశాను: ‘వినపడలేదు. గొట్టంలో గోనెగుడ్డ కుక్కింది నేను.’

మెమో వెనక్కి తీసుకున్నారు. నన్ను ఆరునెలలు పనిలోంచి తీసేశారు. అందులో అన్యాయమేమీ లేదు.

ఆ గోనెగుడ్డ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కుడిచేతికి కట్టు ఉండటంతో తమ్ముడు పక్కన కూర్చుని చెంచాతో తినిపిస్తున్నాడు. గుడ్డ మంచం మీద పెట్టి, జరిగింది చెప్పాను. చెడామడా తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్లాను. ఆమె ఆ గుడ్డ ఉండను విప్పి చూసింది.

“నా గొంతే పోయిందనుకున్నాను” అంది.

తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “నీకూ తెలుసా?”

వాడి చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఎడమచేత్తో ఆ చెంచా లాక్కుని, మా ఇద్దరి వైపూ చూడకుండా, సగం ఒలకబోసుకుంటూ తనే తినడం మొదలుపెట్టింది.