మామ మింగిన సర్ది గోలీలు

మా మామకు సర్ది అయింది. ముక్కు బిగుసుకపోయి, తుమ్మి తుమ్మి కండ్లెర్రగైనయ్. ఎల్లారెడ్డికి పోయి మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకున్నడు. వయసెంత, ఇంకేమన్న రోగమున్నదా అని అక్కడ ఎవ్వలు అడగలే, ఈయన చెప్పలే. ఒక్కటి మింగంగనే ముక్కు తెరుసుకున్నది. ఇగ జెల్ది తగ్గాలెనని పూటపూటకు వేసుకున్నడు. "మంచి గోలి దొరికింది" అని బువ్వ తినుకుంట సంబురపడ్డడు.

తెల్లారి బర్ల కొట్టం ఎన్క రాయి మీద కూసున్నడు. ఛాయ్ వద్దన్నడు, నీళ్లు గూడ వద్దన్నడు. మొఖం నిండ చెమటలు, పొత్తికడుపు పట్టుకొని అటు ఇటు ఊగుతున్నడు. "ఏమైంది మామా?" అంటే "ఏం లేదు, నువ్వు ఇంట్లకు పో" అని కసిరిండు. గుండెపోటా? పామో పురుగో ముట్టిందా? అత్త కాలం చేసింది, మా ఆయన దుబాయిల ఉంటడు. ఇంట్ల మేమిద్దరమే. ఈ మనిషికేమన్నయితే నేనేం జెయ్యాలె దేవుడా అని వాకిట్ల నిలవడి ఏడ్చిన.

గప్పుడు మా ఆయన ఫోన్ చేసిండు. "బాపుకు రాత్రి సంది ఒంటికి వస్తలేదంట. మూత్రం బందైందంట. నీకు చెప్పనీకె సిగ్గయి నాకు చెప్పిండు."

కొట్టం కాడున్న మనిషి బాధ దుబాయికి పోయి, మల్ల నా దగ్గరికి రావాలెనా! కోపమొచ్చింది. కోపంకన్న ఎక్కువ భయమైంది.

ఆటో మాట్లాడిన. తాడ్వాయి దాటేదాక స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్ల "అవ్వా" అని మూల్గిండు. "మెల్లగ పోనియ్యి అన్నా" అంటి, మల్ల నేనే "జెల్ది పోనియ్యి" అంటి. కడుపు పలుగుతదేమోనని ఆయన దిక్కు చూడబుద్ధి కాలే.

కామారెడ్డి దవఖానల పైపు వేసి మూత్రం తీసిండ్రు. డాక్టరమ్మ మామ జేబులున్న గోలీల అట్ట చూసి నెత్తి కొట్టుకున్నది.

"ఇందులో రెండు మందులున్నయమ్మా. ఒకటి ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగిస్తది, అందుకే ఊపిరాడింది. అదే మందు మూత్రసంచి మూతిని కూడ బిగిస్తది. రెండోది తుమ్ములు ఆపుతది, కానీ మత్తు తెస్తది, నోరు ఎండబెడతది, సంచి పిండుకునే బలం తగ్గిస్తది. పెద్ద వయసు మగవాళ్లకు మూత్రసంచి కిందుండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉంటే రెండూ కలిసి దారి మూసేస్తయి. బీపీ ఉన్నవాళ్లకు కూడ మొదటిది మంచిది కాదు. సర్ది దానంతటదే పోయేది. అడగకుండ మింగితే ఎట్ల? ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటుండె."

కిడ్నీలు అనంగనే పక్కనున్న బల్ల పట్టుకున్న.

"ఇంతకుముందు కూడ సన్నగ, ఆగి ఆగి వస్తుండెనా?" అని డాక్టరమ్మ మామను అడిగింది.

మామ గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు.

"మీ అత్త పోయినకాంచి గట్లనే ఉన్నది బిడ్డా" అన్నడు, డాక్టరమ్మతోని కాదు, నాతోని.

"మరి చెప్పవేంది మామా?"

"ఎవలకు చెప్పాలె? ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటివి."