కింద పడితే చెయ్యెత్తాలి

సోమవారం మీటింగ్‌లో మా హెచ్ఆర్ ఆఫీసరు అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు. "మేడమ్, ఈసారి మన టీమ్ బలం ఏంటి, బలహీనత ఏంటి?" జట్టు పేర్లు రాసిచ్చేది నేనే కాబట్టి, దసరా పోయి పోటీలు దగ్గరపడగానే ప్రతి ఏడూ నన్ను ఇదే అడుగుతాడు. ఆయనకు బేస్‌బాల్‌కూ కబడ్డీకీ తేడా తెలియదు, అయినా అడుగుతాడు. ఇన్నేళ్ళూ గడగడా అప్పజెప్పేదాన్ని. ఈసారి మాత్రం ఆ ప్రశ్న తలుచుకుంటేనే కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. బలహీనత ఏమిటో నాకు బాగా తెలుసు. దాన్ని నా నోటితో చెప్పమంటే నావల్ల కాదు.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు బేస్‌బాల్ ఏమిటని మీరనవచ్చు. మాది సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు చేసే కంపెనీ. మిషన్లు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన ఇంజనీర్లు సాయంత్రాలు షెడ్డు వెనక ఈ ఆట ఆడేవారు. పోతూ పోతూ బ్యాట్లు, గ్లౌజులు వదిలేసి వెళ్ళారు. మగవాళ్ళు రెండు రోజులు తిప్పి చూసి, ఇది క్రికెట్ కాదుగా అని మూల పడేశారు. మేం తీసుకున్నాం. తర్వాత చుట్టుపక్కల కంపెనీల్లో కూడా ఆడవాళ్ళ జట్లు పుట్టాయి, ఏడాదికోసారి పోటీలు మొదలయ్యాయి. మొదటి రోజు నుంచీ మా పిచ్చర్‌ని నేనే, అంటే మధ్యలో నిలబడి బంతి విసిరేదాన్ని. నేను చెయ్యి కదిపితే తప్ప ఆట కదలదు. రోజంతా టోపీ, మాస్కు, గౌను వేసుకుని కళ్ళు మాత్రమే కనపడేలా బతికే మనిషికి అదెంత పెద్ద సంగతో చెప్పలేను.

ఈ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి నా కుడి భుజం మొరాయించింది. చెయ్యి లేవక జడ వేసుకోవడం మానేసి క్లిప్పు పెట్టుకుంటున్నాను. బంతిని తల మీదుగా విసరలేక నడుము పక్కనుంచి తిప్పి విసురుతున్నాను. ఇదేంటని అడిగినవాళ్ళకు కొత్త స్టైలని చెప్పాను, నమ్మారు. డాక్టరు దగ్గరికి వెళితే ఆట ఆపెయ్యమంటాడని అసలు వెళ్ళనే లేదు. పిచ్చర్ స్థానం పోతే ఆ జట్టులో నేనెందుకు? నలభై దాటాయి, కాళ్ళలో పరుగు లేదు, బ్యాట్ అంతంతమాత్రం. పక్కన కూర్చుని అందరికీ నీళ్ళ సీసాలు అందించాలి. ఆ మాట అనుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

శనివారం ఇంట్లో పప్పు మాడింది. వాసనకు మా ఆయన వంటింట్లోకి వచ్చి, "ఏంటే, మనిషి ఇక్కడ, మనసు గ్రౌండ్‌లోనా?" అన్నాడు.

"నా మనసు సంగతి మీకెందుకు? పెరుగేసుకుని తినండి" అని కసిరాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మా ఇంట్లో నాకు మాత్రమే ఉన్న హక్కు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు, నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో 'వచ్చాను' అంటాను, వీధి గేటు దాటగానే 'వచ్చిన' అంటాను. రెండు యాసల్లోనూ తిట్టగలను. ఆ సాయంత్రం గిన్నె తోముతూ నా జట్టు మొత్తాన్నీ రెండు యాసల్లోనూ తిట్టుకుంటూ లెక్క వేసుకున్నాను.

మొదట మా క్యాచర్. నేను విసిరే బంతికి ఎదురుగా, బ్యాట్ పట్టుకున్నామె వెనకాల గొంతుక్కూచుని పట్టుకుంటుంది. చిట్కుల్ ఊరి మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఎంత వేగంగా వచ్చినా బంతిని వదలదు, మోకాళ్ళు ఉక్కు. ఆమె లోపమల్లా నోరే. అవతలి జట్టు పిల్ల బ్యాట్ ఎత్తేలోపు ఆమె అత్తగారి దాకా ఆరా తీసేస్తుంది. పోయిన ఏడు అంపైర్ దండం పెట్టి మరీ ఊరుకోమన్నాడు.

మొదటి బేస్ దగ్గర నిలబడే ఆమె మంచి మనిషి. బంతి తన వైపు వస్తుంటే కళ్ళు మూసుకుంటుంది. బంతి కొట్టి ఆ బేస్‌ను తాకడానికి పరిగెత్తుకొచ్చే ప్రత్యర్థిని అవుట్ చెయ్యాలంటే, ఆమె చేరేలోపే అక్కడ నిలబడ్డ మనిషి బంతి పట్టాలి. ఈవిడేమో దేవుడి ముందు నిలబడ్డట్టు కళ్ళు మూసి గ్లౌజు చాస్తుంది. దేవుడు దయ తలిస్తే బంతి అందులో పడుతుంది.

ఇక మూడో బేస్ పిల్ల. అందరిలోకీ చిన్నది, లేడి పిల్లలా ఉరుకుతుంది. దాని గురించి చెప్పాలంటే, దుమ్ము కూడా చొరనివ్వని మా క్లీన్ రూమ్ నియమం ఒకటి చెప్పాలి. అక్కడ చేతిలోంచి గొట్టం జారి కింద పడితే వంగి తీయకూడదు. పడేసిన చెయ్యి మళ్ళీ దేన్నీ ముట్టకుండా దాన్నే పైకెత్తి నిలబడాలి. లైన్ లీడర్ వచ్చి, పడ్డ ముక్కను ఎర్ర డబ్బాలో వేసి, ఆ మనిషిని గ్లౌజులు మార్చుకోవడానికి పంపి, ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడుతుంది. కింద పడ్డది మళ్ళీ బల్ల ఎక్కదు. ఈ పిల్లకు ఆ నియమం ఎముకల్లోకి ఇంకిపోయింది. బంతి నేల మీద దొర్లుకుంటూ వస్తే పరిగెత్తి దాని దాకా పోతుంది, పోయి ఆగి, చెయ్యెత్తి నిలబడుతుంది! పోయిన ఏడు ఆఖరి ఆట మేం ఓడింది ఆ ఎత్తిన చెయ్యి వల్లే.

"గిది గ్రౌండే తల్లీ! కింద పడ్డదే తియ్యాలె!" అని నేను నెత్తి కొట్టుకుంటే, "మర్సిపోయిన అక్కా, ఆదత్ అయింది" అని నాలిక కరుచుకుంటుంది. తమాషా ఏమిటంటే ఆ నియమం దానికి నేర్పింది నేనే. దాని లైన్ లీడర్‌ని నేనే. చేరిన కొత్తలో పక్కన నిలబడి, చెయ్యెత్తడం ఒక్క క్షణం ఆలస్యమైతే గదమాయించి మరీ నేర్పాను.

మిగిలింది కొత్తామె. నిద్ర పట్టనివ్వని మనిషి.

ఆమె ఈమధ్యే ప్యాకింగ్‌లో చేరింది. మేం ప్రాక్టీసు చేసేది ఇంద్రేశం దగ్గర, ఇంకా ఇళ్ళు కట్టని ఒక లేఅవుట్‌లో. ప్లాట్లకు పాతిన రాళ్ళు చూసుకుని, వాటికి కాస్త ఎడంగా గోనెసంచులు మడిచి వేస్తే అవే మా బేసులు. మొదటి రోజు ఆమె స్కూటీ దిగి చుట్టూ చూసి, "గిది మా జొన్నచేనే ఉండె అక్కా" అంది. బాధేమీ లేదు ఆ మాటలో, మామూలుగా అంది. తర్వాత ఆమెకు బంతి ఇచ్చాను. చిన్నప్పుడు చేలో పిట్టల మీదికి రాళ్ళు విసిరిన చెయ్యి. తల మీదుగా తిప్పి వదిలితే క్యాచర్ గ్లౌజులో టప్పుమని మోగింది. నా బంతి ఎన్నడూ అలా మోగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఆమెలో లోపం కనిపెట్టేదాకా నాకు మనశ్శాంతి లేదు. కనిపెట్టాను. ప్యాకింగ్ కూడా క్లీన్ రూమ్‌లోనే, అక్కడికి బంగారం రానివ్వరని ఆమె మెళ్ళో పసుపుతాడు కట్టుకుంటుంది. గట్టిగా విసరబోయే ముందు ఆ తాడు ఊగకుండా పళ్ళ మధ్య కొరికి పట్టుకుంటుంది. మెల్లగా వేసేటప్పుడు కొరకదు. బ్యాట్ పట్టుకున్నామెకు కళ్ళుంటే చాలు, ఏ బంతి వస్తుందో ముందే తెలిసిపోతుంది. అమ్మయ్య, ఇంకేం, ఈమె పనికిరాదు అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఒక్క మాట చెబితే పోయే లోపమని నాకు తెలుసు. అందుకే ఆ మాట చెప్పలేదు.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు వెళ్ళి గోనెసంచులు వేశాను, మళ్ళీ తీసి సర్దాను, మళ్ళీ వేశాను. రాత్రంతా సి షిఫ్టు చేసినవాళ్ళు ఎర్రబడ్డ కళ్ళతో సరాసరి కంపెనీ బస్సు దిగి వచ్చారు. క్యాచర్ వస్తూనే నా స్కూటీ తాళంచెవి అడిగి తీసుకుని, ఎప్పట్లాగే తన సంచిలో వేసుకుంది. ఆడేటప్పుడు జేబులో ఉంటే గుచ్చుకుంటుందని నేనే ఇస్తాను.

"ఇయ్యాల కొత్తామెతోని ఏయిద్దామా అక్కా?" అంది.

"ముందు నేనేస్త. తొందరేంది?" అన్నాను.

వేశాను. పక్కనుంచి తిప్పి తిప్పి వేశాను. ఒక్కో బంతికీ భుజంలో సూది దిగినట్టుంది. ఎదురుగా బ్యాట్ పట్టుకున్నామె నవ్వుతూ కొడుతోంది. ఒక బంతి నేల మీద దొర్లుతూ మూడో బేస్ వైపు పోయింది. ఆ పిల్ల ఉరికింది, ఆగింది, చెయ్యెత్తింది. ఇక నా నోటికి హద్దు లేకపోయింది. "సిగ్గు లేదా? ఎన్నిసార్లు చెప్పాలె? చెయ్యెత్తుడు ఆపకపోతే సోమవారం నీ పేరే కొట్టేస్త!" అని అరిచాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ తల దించుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి. అయినా తగ్గలేదు. మళ్ళీ బంతి తీసుకుని చెయ్యి వెనక్కి తిప్పాను.

భుజంలో ఏదో కలుక్కుమంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. బంతి జారి నా కాళ్ళ దగ్గరే పడింది.

నేను చెయ్యెత్తి నిలబడ్డాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు మూడో బేస్ పిల్లే పకపకా నవ్వింది. "అక్క గూడ ఎత్తింది! సూడుండ్రి, అక్క గూడ ఎత్తింది!" అందరూ నవ్వారు, నాకూ నవ్వు రాబోయింది. క్యాచర్ మాత్రం నవ్వలేదు. బంతి తగలకుండా ముఖానికి పెట్టుకున్న మాస్కు తీసి, లేచి నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది.

"బంతి పడేసింది కుడి చెయ్యిగద అక్కా. ఎడమ చెయ్యి ఎందుకెత్తినవ్?"

నేను పైకి చూశాను. నిజమే, గాల్లో ఉన్నది ఎడమ చెయ్యి, గ్లౌజుతో సహా.

"కుడిది ఎత్తి సూపియ్" అంది మెల్లగా. ఈసారి ఆమె నోరు ఇంకెవరికీ వినపడకుండా మాట్లాడింది. ఎత్తబోయాను. భుజం దాకా కూడా రాలేదు. పళ్ళు బిగించినా రాలేదు.

"వానలు పడ్డప్పటి సంది నీ బంతి నా చెయ్యికి తాకుతలేదక్కా" అంది. "ఇంతకుముందు నువ్వేస్తే ఇంటికి పోయి గిన్నె పట్టుకుందామంటే అరచెయ్యి మండుతుండె. గా మంటే లేదిప్పుడు. ఉత్త గాలి పట్టుకున్నట్టున్నది."

"మరి చెప్పకపోతివేంది?"

"నువ్వే చెప్తవని సూసిన."

నేను ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరికీ మార్కులు వేస్తుంటే, ఈ మనిషి ఇన్ని నెలలుగా నన్ను తన అరచేతిలో తూకం వేస్తూ కూర్చుంది! కోపం వచ్చింది. సిగ్గేసింది. గ్లౌజు విసిరికొట్టి గబగబా స్కూటీ దాకా వెళ్ళిపోయాను. ఇక జన్మలో ఈ గ్రౌండ్ తొక్కను అనుకున్నాను. తీరా చూస్తే తాళంచెవి ఆమె సంచిలో ఉంది. స్కూటీని ఒక్క తన్ను తన్ని, ముక్కు తుడుచుకుని వెనక్కి వచ్చాను. ఎవరూ కదల్లేదు. నా వైపు చూడకుండా ఉండటానికి అందరూ నేల చూస్తున్నారు. బంతి ఇంకా అక్కడే ఉంది.

కొత్తామె వంగి దాన్ని తీసింది. కుర్తాకు తుడిచి నాకు చూపిస్తూ, "ఏం జెయ్యమంటవక్కా?" అని అడిగింది. ఇవ్వమంటే ఇచ్చేదే.

"ఏయ్" అన్నాను. "నువ్వే ఏయ్. గానీ ఆ పసుపుతాడు కొరుకుడు బంద్ జెయ్. కొరికినవంటే గట్టి బంతని అందరికి తెలుస్తది. కొరికితే ప్రతిసారి కొరుకు, లేకుంటే లోపలేసుకో."

ఆమె తాడును మెడ కింద లోపలికి దోపుకుంది. నేను విసిరికొట్టిన గ్లౌజు వెతుక్కుని, ఎడమ చేతికి తొడుక్కుని, మొదటి బేస్ దగ్గరికి నడిచాను. అక్కడ పరుగు అక్కర్లేదు, విసరడం తక్కువ, వచ్చింది కళ్ళు తెరిచి పట్టుకుంటే చాలు. కళ్ళు మూసుకునే ఆమెను దూరంగా వెనక్కి పంపాను. ఆమె దండం పెట్టినంత పని చేసి ఉరికింది. నాకు మాత్రం ఆ గోనెసంచి పక్కన నిలబడితే పరాయి ఇంట్లో నిలబడ్డట్టుంది. మధ్యలో నా చోటు, అక్కడ ఇంకో మనిషి. చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను.

కొత్తామె విసిరింది. బ్యాట్ అంచుకు తగిలి బంతి నేల మీద దొర్లుతూ మూడో బేస్ వైపే పోయింది. ఆ పిల్ల ఉరికింది. దాని దగ్గర ఆగింది. చెయ్యి సగం లేచింది. నేను ఈసారి అరవలేదు, అరిచే హక్కు నాకెక్కడుంది? అది నా వైపు ఒక్కసారి చూసి, లేచిన చెయ్యి దించి, వంగి, బంతి తీసి, ఒళ్ళంతా విదిలించి నా వైపు విసిరింది.

బంతి వచ్చి గ్లౌజులో దిగింది. అరచెయ్యి భగ్గుమంది. పరిగెత్తుకొచ్చే ఆమె ఇంకా రెండడుగుల దూరంలో ఉంది.

"తాకిందా అక్కా?" అని అవతలి నుంచి క్యాచర్ లేఅవుట్ అంతా మోగేలా అరిచింది.

నేను బంతితో సహా ఎడమ చెయ్యి పైకెత్తి, "తాకింది!" అని అరిచాను.